మావయ్యగారి 'ఆయ్'

మా మావయ్యగారికి మాటలు తక్కువ. ఉన్న నాలుగు మాటల్లో మూడు 'ఆయ్'.

బయటి ఊళ్ళవాళ్ళు మా కోనసీమ 'ఆయ్' విని ముచ్చటపడతారు. అవును అని అర్థం అనుకుంటారు. అది సగమే నిజం. అవునన్నా ఆయ్, సరేనన్నా ఆయ్. మీరు చెప్పేది వింటున్నానండీ అన్నా ఆయ్. మీరు చెప్పింది నాకు నచ్చలేదు, కానీ మీతో వాదించడం మర్యాద కాదు అన్నా ఆయ్. ఇంక నన్నొదిలెయ్యండి అన్నా అదే. తేడా అంతా సాగదీయడంలో ఉంటుంది.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్ళయింది. అత్తగారు పోయాక ఇంట్లో మేం ముగ్గురమే, మావయ్యగారు, మా ఆయన, నేను. మావయ్యగారి నోట ఏ ఆయ్ వచ్చినా అది ఏ రకందో చెవిన పడగానే చెప్పేస్తానని నాకు గొప్ప నమ్మకం. "మీ నాన్నగారు సరేననలేదు, సరేలే పొమ్మన్నారు" అని మా ఆయనకి తర్జుమా చేసి పెట్టేదాన్ని. ఆ నమ్మకమే నా కొంప ముంచింది.

నేను నర్సుని. రాజోలు వైపు ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో పని. పేరెందుకు లెండి, తప్పు ఆసుపత్రిది కాదు. నాకు నోరెక్కువని అక్కడ అందరూ అంటారు. నిజమే. పొద్దుటి నుంచి నిలువుకాళ్ళ మీద ఉండి, ఒకే ప్రశ్న నలభై మందిని అడిగితే ఎవరి నోరైనా పెరుగుతుంది. ఇంటికొచ్చాక అన్నాల దగ్గర ఆ రోజు వచ్చిన రోగుల్ని అనుకరించి చూపించడం నాకు సరదా. తలనొప్పని వచ్చి సెలైన్ పెట్టమని గొడవ చేసినవాళ్ళు, సూది చూసి మంచం దిగి పారిపోయినవాళ్ళు. మా ఆయన పొలమారేదాకా నవ్వేవారు. మావయ్యగారు తలొంచుకుని తినేవారు.

ఆ వారం మొదట్లో ఒకామె వచ్చింది. సైకిలు మీంచి పడిందట, హేండిలు పొడుచుకుని డొక్కలో పోటంటుంది. అప్పటికి డాక్టరుగారు వెళ్ళిపోయారు, నేను బ్యాగు సర్దుకుంటున్నాను. "నడుచుకుంటూ వచ్చేవు కదమ్మా, ఏం కాదు. రేపు పొద్దున్న ఓపీకి రా" అన్నాను. "ఆయ్" అని వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి, ఆమె డొక్క పట్టుకుని నడిచిన నడకంతా వంటింటి గుమ్మం నుంచి కంచాల దాకా నడిచి చూపించాను. "చీమ కుట్టినా ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చేస్తారు" అన్నాను. మా ఆయన నవ్వారు. మావయ్యగారు మజ్జిగ పోసుకున్నారు.

మాది గోదారి సముద్రంలో కలిసే చోటికి దగ్గర ఊరు. మా ఆయన రొయ్యల చెరువులు చూసుకుంటారు. మావయ్యగారికి మాత్రం చెరువు నీళ్ళంటే చిన్నచూపు. డెబ్బయ్యోపడి దగ్గరపడుతున్నా తన చిన్న నావలో గోదాట్లోకి వెళ్ళి వలలు చూసుకుని వచ్చేవారు. లోతు లేని చోట గెడ వేస్తారు. గెడంటే పొడుగాటి వెదురు. ఒక కొస బురదలో దింపి, రెండో కొస మీద బరువంతా వేసి నావని ముందుకు తోస్తారు. ఆ శుక్రవారం పొద్దున్న గెడ బురదలో దిగబడి ఊడిరాలేదు. ఎదురొచ్చిన పోటు నీరు నావని తిప్పేసింది. గెడ కొస ఆయన ఎడమ డొక్కలో, పక్కటెముకల అంచున బలంగా తగిలింది. ఆయన నావ అంచు మీద బోర్లా పడ్డారు. లేచి, గెడ పీక్కుని, వలలు కూడా చూసుకునే ఒడ్డుకొచ్చారు. రేవులో ఉన్నవాళ్ళు చెబితేగానీ మా ఆయనకి సంగతి తెలీలేదు.

మా ఆయన బండి మీద ఎక్కించుకుని తిన్నగా నా దగ్గరికే తెచ్చేశారు. ఓపీ కిటకిటలాడుతోంది. మావయ్యగారు తడి పంచెతోనే బల్ల మీద కూర్చున్నారు, భుజాల మీద తువ్వాలు కప్పుకుని. ఆయన్ని చూసి నాకు భయం వేసిందని రాయాలని ఉంది. వేసింది చిరాకు. "మీకీ వయసులో గెడలేంటండీ" అన్నాను.

"ఆయ్" అన్నారు.

డ్యూటీ డాక్టరుగారిది కర్నూలు వైపు. వచ్చి ఆర్నెల్లు కూడా కాలేదు. నెమ్మదస్తుడు. నాడి చూశారు, బీపీ చూశారు, కడుపు మీద చెయ్యేసి నాలుగు పక్కలా నొక్కారు.

"పెద్దాయనా, ఇక్కడ నొక్కితే నొప్పి లేదా?"

"ఆయ్."

"లేదా?"

"ఆయ్."

లేదా అని అడిగితే ఆయ్ అంటే లేదని అర్థమా, ఉందని అర్థమా? డాక్టరుగారు నావైపు చూశారు. నేను నవ్వి, "లేదంటున్నారండీ" అన్నాను. తర్జుమా చెయ్యడం నాకు అలవాటే కదా.

ఆయన మాత్రం పూర్తిగా నమ్మలేదు. "సిస్టర్, దెబ్బ ఎడమ పక్క. అక్కడ స్ప్లీన్ ఉంటుంది. స్కానింగ్ డాక్టరు మూడింటికి వస్తారు, ఒకసారి చూపిద్దాం. అంతవరకూ ఇక్కడే పడుకోనివ్వండి."

మావయ్యగారు నా ముఖం కేసి చూశారు. ఇప్పుడు ఆ చూపు గుర్తొస్తే, నన్నేదో అడిగినట్టే ఉంటుంది. అప్పుడు మాత్రం ఇంటికి పోదామన్నట్టే కనిపించింది. బయట జనం, ఉన్న మంచాలన్నీ నిండిపోయాయి, ఇంటి మనిషి కోసం ఒకరిని లేపితే రేపు నలుగురూ నాలుగు మాటలంటారు. "పర్లేదండీ డాక్టరుగారూ, ఇంట్లో నేను కనిపెట్టుకుని ఉంటాను" అన్నాను. ఆయన కేసు షీటు మీద ఏదో రాసి నాకిచ్చారు. స్కానింగ్ చెప్పాము, బంధువులు ఒప్పుకోలేదు అని రాశారు. ఆ బంధువులంటే నేనే. చదివి, ఆ కాగితం బ్యాగులో పడేశాను.

స్ప్లీన్ అంటే ప్లీహం. ఎడమ పక్క, చివరి పక్కటెముకల చాటున, పిడికిలంత ఉంటుంది. మెత్తగా, రక్తంతో నిండి ఉంటుంది. దానికి చీలిక పడినా ఒక్కోసారి పైనున్న పలచటి పొర తెగదు. లోపల కారిన రక్తం ఆ పొర కిందే ఊరుతూ ఉంటుంది. గంటలు, ఒక్కోసారి రోజులు. మనిషి తింటాడు, తిరుగుతాడు, మాట్లాడతాడు. గట్టు వెనక నీళ్ళు పెరుగుతున్నట్టు లోపల పెరుగుతూనే ఉంటుంది. ఇదంతా నేను చదువుకున్నదే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే.

ఆ సాయంత్రం ఆయన సగం అన్నం వదిలేశారు. "సయించలేదా మావయ్యగారూ?" అంటే "ఆయ్" అన్నారు. మర్నాడు శనివారం పొద్దున్న ఇల్లంతా బామ్ వాసన. ఎడమ భుజానికి దట్టంగా రాసుకుని వరండాలో పడక్కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"భుజానికేమైందండీ?"

"ఏం లేదమ్మా. గెడేసేను కదా, పట్టేసింది."

ఆ చెయ్యి పైకెత్తి దండెం మీది పంచె తీసుకున్నారు. పట్టేసిన భుజం అయితే చెయ్యి అంత సులువుగా లేవదు. నేను చూశాను. చూసి కూడా చూడలేదు. ప్లీహం దగ్గర రక్తం చేరితే అది పైన ఊపిరితిత్తుల కింది పొరని ఒరుసుకుంటుంది, నొప్పి మాత్రం ఎడమ భుజంలో తెలుస్తుంది. దెబ్బ ఒకచోట, నొప్పి ఇంకోచోట. ఆయన భుజానికి బామ్ రాసుకుంటుంటే నేను మూత పెట్టి సీసా అలమరలో సర్దాను.

రాత్రి మంచం మీద పడుకోలేదని మా ఆయన చెప్పారు. వెల్లకిలా పడుకుంటే భుజం లాగుతోందట, పడక్కుర్చీలోనే కునికారట. నేను బీపీ మిషను తెచ్చి చూశాను. బాగానే ఉంది. నాడి మాత్రం నూటనాలుగు. "ఎండకి" అనుకున్నాను. వరండాలో ఫ్యాను తిరుగుతోంది, ఆయన అరచేతులు చల్లగా ఉన్నాయి, నేను ఎండకి అనుకున్నాను. లోపల రక్తం పోతున్నప్పుడు బీపీ చివరిదాకా నిలబడి మనల్ని నమ్మిస్తుంది, ముందు పరిగెత్తేది నాడి. కొత్తగా చేరిన నర్సులకి ఈ ముక్క చెప్పేది నేనే.

"నీరసంగా ఉందా మావయ్యగారూ?"

"ఆయ్."

"పెద్దగా ఏం లేదు కదా?"

"ఆయ్."

ఆ రెండో ఆయ్ కొంచెం సాగింది. నన్నొదిలెయ్యమన్న ఆయ్ అనుకుని వదిలేశాను. ఆ రోజంతా ఆయన వరండాలోంచి గోదారి గట్టు వైపు చూస్తూ కూర్చున్నారు. రేవు నుంచి ఎవరో కేకేస్తే చెయ్యి ఊపారు. మధ్యాహ్నం రెండుసార్లు మంచినీళ్ళు అడిగారు, సాయంత్రం ఇంకో మూడుసార్లు. అడిగినప్పుడల్లా ఇచ్చాను. ఇంత దాహం ఎందుకని మాత్రం నేను అడగలేదు.

ఆదివారం పొద్దున్న తొమ్మిది దాటాక పెరట్లోకి వెళ్ళొస్తానని లేచారు. రెండడుగులు వేసి గుమ్మం పట్టుకున్నారు. తరువాత గుమ్మం వదిలేశారు. మనిషి పడిన చప్పుడు నేను ఆసుపత్రిలో చాలాసార్లు విన్నాను. సొంత ఇంట్లో ఆ చప్పుడు వేరుగా ఉంటుంది.

ఒళ్ళంతా చెమట. పెదాలు పాలిపోయి సున్నం రాసినట్టున్నాయి. మణికట్టు దగ్గర నాడి దొరకలేదు, మెడ దగ్గర వెతికితే దొరికింది, లెక్క పెట్టలేనంత వేగం. తువ్వాలు తీసి పక్కన పడేశాను. మూడు రోజులుగా ఆ తువ్వాలు ఆయన ఒంటి మీదే ఉందని అప్పుడు తట్టింది. ఎడమ పక్కటెముకల కింద అరచెయ్యంత నల్లటి మచ్చ. కడుపు ఉబ్బి ఉంది. చెయ్యి వేస్తే కర్రలా బిగిసింది. మా ఆయన అప్పుడే కొట్టిన కొబ్బరి బొండం పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. మా వైపు ఎవరు పడిపోయినా ముందు బొండమే పట్టిస్తారు. "నోట్లో చుక్క పొయ్యకండి! ఆపరేషనంటే మత్తివ్వాలి" అని అరిచాను. ఆపరేషన్ అన్న మాట నా నోటి నుంచి వచ్చాక గానీ నాకే తెలీలేదు, నాకంతా అర్థమైపోయిందని.

ఆటోలో ఆయన తల నా ఒళ్ళో ఉంది. కాళ్ళు ఎత్తి మా ఆయన ఒళ్ళో పెట్టాం. ప్రార్థన నుంచి వస్తున్నవాళ్ళు తెల్ల బట్టల్లో రోడ్డు పక్కకి జరిగి దారిచ్చారు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఏవేవో అడిగాను. "ఆయ్" అంటారేమోనని. ఆయన అనలేదు. ఇరవై రెండేళ్ళలో ఆయన నాకు బదులివ్వకపోవడం అదే మొదలు.

అదృష్టం, డ్యూటీలో కర్నూలు డాక్టరుగారే ఉన్నారు. ఆదివారం స్కానింగ్ డాక్టరు రారు. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా మిషను తనే తోసుకొచ్చారు. "వివరంగా చూడ్డం నాకు రాదు, రక్తం ఉందా లేదా అన్నది చూడగలను" అన్నారు. నేను రెండు చేతులకీ లావు సూదులు పెడుతున్నాను. నా చేతులు అలవాటు మీద వాటి పని అవి చేసుకుపోయాయి. ముందు కుడి పక్క, కాలేయానికీ మూత్రపిండానికీ మధ్య చూశారు. తరువాత ఎడమ పక్క. తరువాత పొత్తికడుపు. తెర మీద ద్రవం నల్లగా కనిపిస్తుంది. ఉండకూడని మూడు చోట్లా నలుపే. ఎడమ పక్క ప్లీహం చుట్టూ వెడల్పుగా, మందంగా ఉంది. డాక్టరుగారు చెయ్యి కదిపినప్పుడల్లా ఆ నలుపు తప్పుకుని, మళ్ళీ కనిపించింది.

మొత్తం పని రెండు నిమిషాలు పట్టింది. శుక్రవారం మూడింటిదాకా ఆగమంటే నాకు కుదరని పని అదే.

డాక్టరుగారు ఫోను చేతిలోకి తీసుకున్నారు. నన్ను రెండు తిట్టుంటే బాగుండేది. "బ్లడ్ గ్రూపుకి పంపండి. అమలాపురంలో సర్జన్‌గారితో నేను మాట్లాడతాను. సెలైన్ మరీ గుప్పించొద్దు, నాడి తెలిస్తే చాలు. బీపీ బాగా పెంచితే లోపల ఇంకా కారుతుంది" అన్నారు. నేను "ఆయ్" అన్నాను. ఆ ఒక్కటీ ఏ రకం ఆయో నాకు ఇప్పటికీ తెలీదు.

అంబులెన్సులో నేనే కూర్చున్నాను. ఆ రోడ్డు మీద ఎన్ని స్పీడు బ్రేకర్లున్నాయో ఆ రోజు తెలిసింది. ఒక్కొక్కటి దాటినప్పుడల్లా ఆయన ముఖం ముడుచుకునేది. ముడుచుకున్నంతసేపూ నాకు ధైర్యం. వైనతేయ వంతెన మీదకి వచ్చేసరికి ముడుచుకోవడం ఆగిపోయింది. కింద గోదారి పాయ మెరుస్తోంది, నావలు పోతున్నాయి. నేను డ్రైవరుగారిని ఎన్ని మాటలన్నానో. పాపం, ఆయన అప్పటికే చేతనైనంత వేగంగా నడుపుతున్నారు.

అమలాపురంలో సర్జన్‌గారు గుమ్మంలోనే చూశారు. "బీపీ నిలబడితే సీటీ తీయించి, చీలిక ఎంతుందో చూసి, ఆపరేషన్ లేకుండా కనిపెట్టి చూసేవాణ్ణి. ఇప్పుడంత టైం లేదు. తెరవాలి" అన్నారు. తరువాత నన్ను చూసి, "దెబ్బ ఎప్పుడు తగిలింది?" అని అడిగారు.

"శుక్రవారం పొద్దున్నండి."

"మరి ఇప్పటిదాకా?"

నేను నర్సునని చెప్పుకోలేదు. బ్యాగులో ఆ కాగితం అలాగే ఉంది. మడత పెట్టినట్టే ఉంది.

రేవు నుంచి పడవలవాళ్ళు బళ్ళ మీద వచ్చేశారు, మేం పిలవకుండానే. గ్రూపు కలిసినవాళ్ళు రక్తం ఇచ్చారు, కలవనివాళ్ళు మెట్ల మీద కూర్చున్నారు. వాళ్ళలో ఒకాయన నాతో అన్నాడు, "శుక్రవారం ఒడ్డుకొచ్చినప్పుడే బాబాయ్ డొక్క పట్టుకుని కూలబడిపోయేరండి. ఆస్పత్రికి పదండంటే, మా కోడలుందిలేరా అన్నారండి." అతను నన్ను మెచ్చుకుంటున్నట్టే అన్నాడు. నేను అక్కడి నుంచి లేచి బాత్రూములోకి వెళ్ళి, పంపు తిప్పి, ఏడ్చాను. మావయ్యగారికేమైనా అయితే మా ఆయనకి ఏం చెప్పాలా అనుకోలేదు, మావయ్యగారికే నేను ఏం చెప్పుకోవాలా అనుకున్నాను.

ఆపరేషన్ రెండు గంటలు పైన పట్టింది. ప్లీహం రెండు ముక్కలుగా చీలిపోయిందట, తీసేశారు. కడుపులోంచి తోడిన రక్తం ఎంతో సర్జన్‌గారు చెప్పారు గానీ నేను చెవిన పెట్టలేదు. బతికారు అన్న మాట విన్నాను. శుక్రవారమే వచ్చి ఉంటే మంచం మీద కదలకుండా పడుకోబెట్టి, గంట గంటకీ చూసుకుంటూ ఉంటే, కొయ్యాల్సిన పని ఉండేది కాదేమో అని కూడా అన్నారు. అది కూడా విన్నాను. ఇక మీదట జ్వరం వస్తే ఒక్క పూట కూడా ఆగకూడదని, ప్లీహం లేని ఒంటికి చిన్న జ్వరమే పెద్దదైపోతుందని, టీకాలు వేయించాలని చెప్పారు. నేను తలాడించాను. ఆ మనిషి జ్వరం వస్తే చెబుతారా అన్నదే నా భయం.

మర్నాడు పొద్దున్న ఐసీయూలోకి ఒక్కరినే పంపారు. గొట్టాల మధ్య ఆయన చిన్నగా కనిపించారు. కళ్ళు తెరిచి ఉన్నాయి. ఏం అడగాలో తెలీక నాకొచ్చిన ప్రశ్నే అడిగాను.

"నొప్పి ఉందా మావయ్యగారూ?"

ఆయ్ అంటారనుకుని ఎదురుచూశాను. ఆయన పెదాలు తడుపుకున్నారు.

"ఉందమ్మా" అన్నారు. "శుక్కురోరం నుంచీ ఉంది."

మంచం ఊచ పట్టుకున్నాను. "మరి నాకెందుకు చెప్పలేదండీ? ఒక్క మాట చెప్పుంటే..."

నన్ను నొప్పించకుండా ఎలా చెప్పాలా అని ఆయన వెతుక్కున్నారని ఇప్పుడు తెలుస్తోంది. దొరకలేదు కాబోలు, ఉన్నదున్నట్టే చెప్పేశారు.

"అన్నాల కాడ నువ్వు నవ్వించేవు కదమ్మా. డొక్క పట్టుకొచ్చినామె గురించి. నేనూ అలాగే ఉంటానేమోనని."

ఆయన చెయ్యి తీసుకుని నా బుగ్గకి ఆనించుకున్నాను. సూది గుచ్చిన చోట ప్లాస్టరు గరుకుగా తగిలింది. "తప్పయిపోయింది మావయ్యగారూ" అన్నాను. ఆయన "ఆయ్" అన్నారు. అది వదిలెయ్యమ్మా అన్న ఆయ్ అని నాకనిపించింది. కానీ తర్జుమా చేసే ధైర్యం ఇప్పుడు నాకు లేదు.

ఆయన ఇంట్లో తిరుగుతున్నారు, గెడ మా ఆయన దాచేశారు. రోజూ పొద్దున్న ఆయన నుదుటి మీద చెయ్యేసి చూసే డ్యూటీకి వెళ్తాను. ఆసుపత్రిలో నొప్పి ఉందా అని అడగడం మానేశాను. ఎక్కడుంది, ఎప్పటి నుంచి, పడుకుంటే ఎలా ఉంటుంది అని అడుగుతాను. ఆయ్ అని తప్పించుకోవడానికి వీల్లేని ప్రశ్నలు.

కానీ సైకిలు మీంచి పడినామె నేను రమ్మన్న మర్నాడు ఓపీకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. రిజిస్టరు తిరగేశాను, పేరు లేదు, రాస్తే కదా ఉండటానికి. ఏ ఊరో అడగలేదు. తగ్గిపోయి రాలేదో, మరెందుకు రాలేదో నాకు తెలీదు. నా చేతిలో బ్యాగు, ఆమె చెయ్యి డొక్క మీద, ఆమె వెళుతూ అన్న ఆయ్. అది ఏ రకం ఆయో చెప్పడానికి ఆమె మళ్ళీ రావాలి.